తెలుగులో రాసుకో వదినా

ఆ ఇంట్లో ఏ వస్తువైనా కనబడకపోతే ఎవరూ వెతకరు. వదినను అడుగుతారు. మిక్సీ గ్యారంటీ కార్డు కావచ్చు, పదేళ్ళ క్రితం తీయించిన పంటి ఎక్స్‌రే కావచ్చు, అడిగిన నిమిషంలో చేతిలో పెడుతుంది. ఆమె అందరికీ వదినే. మరిదికి వదిన కావడం న్యాయమే గాని, పాలాయనకూ, ఎదురింటి డాక్టరుకూ, చివరికి భర్త పనిచేసే బ్యాంకు మేనేజరుకూ కూడా వదినే. ఆ వరస తప్పించుకున్నవాడు భర్త ఒక్కడే.

కాబట్టి ఆ శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి మరిది వంటింటి గుమ్మంలోకి ఊడిపడి, "వదినా, ఎనిమిదేళ్ళ క్రితం ఫోన్లో నీకు పన్నెండు మాటలు చెప్పాను, రాసుకున్నావు, గుర్తుందా?" అని అడిగినప్పుడు ఆమె పొయ్యి మీది పాల నుంచి చూపు కూడా తిప్పలేదు.

"ముందు చెప్పులు బయట విడిచి రా."

అతను వెళ్ళి విడిచి వచ్చాడు.

"నీలం ఫైలు. ఇతరములు. అందులో నీవి రెండు కాగితాలున్నాయి. ఎందుకూ?"

మరిది గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "బతికించావు వదినా. షాపు మనదైపోయినట్టే."

అతనిది ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే షాపు. అందులో ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు వీధిలో నిలబడాలి. తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాడు. దాని యజమాని నిన్న సాయంత్రం వచ్చి, గది అమ్మేస్తున్నానన్నాడట. పక్క మందుల షాపాయన ఈవేళ నాలుగింటికి చెక్కుతో వస్తాడు. నువ్వు కొనేట్టయితే ఆలోపే మొత్తం సొమ్ము నా కంటికి కనబడాలి, అన్నాడట. షాపు పోతే మరిది ఇంకొకరి బల్ల దగ్గర జీతానికి కూర్చోవాలి. తొమ్మిదేళ్ళుగా వస్తున్న జనం ఆ గుమ్మానికి అలవాటుపడినవాళ్ళే గాని అతని వెంట నడిచి వచ్చేవాళ్ళు కాదు.

రాత్రంతా అప్పు ఎవరినడగాలా అని దొర్లుతుంటే తెల్లవారుజామున గుర్తొచ్చిందట. ఎనిమిదేళ్ళ క్రితం కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒకాయన మూడు ల్యాప్‌టాప్‌లు బాగుచేయించుకుని, "చేతిలో నోట్లు లేవు, కాయిన్లు ఇస్తాను, తీసుకుంటావా?" అన్నాడు. "చిల్లరైతే మరీ మంచిది సార్, నాకెప్పుడూ కొరతే," అన్నాడు మరిది. తీరా చూస్తే అవి చేతికి తగలని క్రిప్టో కాయిన్లు. ఆయనే మరిది ఫోన్లో ఒక సంచీలాంటిది తెరిచి, వాటిని అందులో వేసి, దీనికి తాళంచెవి ఈ పన్నెండు మాటలే, ఫోన్ పోయినా ఫర్వాలేదు గాని ఇవి పోకూడదని హెచ్చరించి వెళ్ళాడు. పోని చోటు అనగానే మరిదికి తట్టింది వదినే. తర్వాత ఆ ఫోన్ పోనే పోయింది. ఊరందరి ఫోన్లూ బతికించేవాడు దాన్ని బతికించలేకపోయాడు. అప్పటికి ఆ కాయిన్ల ధర పడిపోయి టీలకు కూడా చాలవు కనుక ఎవరూ ఏడవలేదు. ఇప్పుడు వాటి ధర చూస్తే, పన్ను కట్టి గది కొన్నా ఇంకా కాస్త మిగిలేట్టుంది.

హాల్లో పేపరు చదువుతున్న క్యాషియర్ ఇదంతా విన్నాడు. వదిన భర్త, మరిదికి అన్న. ఇరవయ్యారేళ్ళు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టినవాడు. ఈమధ్య అక్కడ నాలుగు కౌంటర్లలో మూడు మూసేసి గోడకు మిషన్లు పెట్టారు. ఆయన్ను వాటి పక్కన నిలబెట్టి, చొక్కాకు 'నన్ను అడగండి' అనే బిళ్ళ తగిలించారు. జనం వచ్చి బాత్‌రూమ్ ఎక్కడని అడుగుతున్నారు. అప్పటినుంచి ఆయనకు తడి వేలికి తగలని డబ్బంటే ఒళ్ళుమంట. ఆ రోజు సెలవులో ఉన్నాడు.

"కనబడని డబ్బుతో కనబడే గది కొంటాడట," అన్నాడు పేపరు వెనకనుంచి.

"మీ బ్యాంకులో ఉన్న నా డబ్బు మాత్రం నాకెప్పుడు కనబడింది అన్నయ్యా?" అన్నాడు మరిది.

వదిన కాగితం తెచ్చి ఇచ్చింది. మడత కూడా నలగలేదు. గుండ్రటి అక్షరాలు, వరస అంకెలు, పక్కన తేదీ. మరిది ఆనందంగా అందుకుని పైకి చదివాడు.

"గొడుగు, సంచి, నవ్వు, గాడిద, మేనమామ కూతురు, విద్యుత్తు, నిచ్చెన, క్షణం, ఉల్లిపాయ, అసూయ, కిటికీ, రేపు."

చదువుతున్నకొద్దీ గొంతు సన్నబడి, రేపు దగ్గరికొచ్చేసరికి గాలి మాత్రమే మిగిలింది.

"ఇదేంటి వదినా?"

"నువ్వు చెప్పినవే."

"నేను ఇంగ్లీషులో కదా చెప్పింది?"

"చెప్పి, తెలుగులో రాసుకో వదినా, దొంగలకు అర్థంకాకుండా ఉంటుంది, అన్నావు."

"తెలుగులో అంటే తెలుగు అక్షరాల్లో అని వదినా. ఆ మాటే తెలుగక్షరాల్లో రాస్తావనుకున్నాను. అర్థాలు ఎవరు రాయమన్నారు?"

"తెలుగులో అంటే తెలుగులోనే. ఇంగ్లీషు మాటను తెలుగక్షరాల్లో రాస్తే అది తెలుగెట్లా అవుతుంది? అక్షరాలు అని ఉంటే అక్షరాలే రాసేదాన్ని." వదిన కాలేజీలో తెలుగు ప్రధానంగా చదివింది. ఇంగ్లీషు పాసుకు సరిపడా చదివింది. కిరాణా జాబితాలో కూడా సబ్బును సోపు అని రాయదు.

పేపరు వెనక క్యాషియర్ భుజాలు కదులుతున్నాయి. "దొంగలకే కాదు, దొరలకూ అర్థంకాకుండా చేసింది మీ వదిన."

మరిది జుట్టు పీక్కుని, అంతలోనే తేరుకున్నాడు. ఆ మాటలు ఎక్కడబడితే అక్కడివి కావట. రెండువేల చిల్లర మాటల జాబితా ఒకటుందట, ఫోన్ ఆ జాబితాలోవి తప్ప ఇంకో మాట తీసుకోదట. అంటే గొడుగుకు ఆ జాబితాలో ఉన్న ఇంగ్లీషు ఏదో అదే. వరస ఎలాగూ ఉంది. వెనక్కి తిప్పుకుంటే చాలు.

"తిప్పడానికి మనిషి కావాలి," అంది వదిన. "మీ ఆవిణ్ణి పిలువు."

మరిది భార్య బడిలో ఇంగ్లీషు టీచరు. పావుగంటలో సగం రోజు సెలవు పెట్టి, డిక్షనరీ కవరులో వేసుకుని ఆటోలో దిగింది. తోటికోడళ్ళిద్దరి మధ్య ఏ గొడవలూ లేవు. ఒకరి మాట ఒకరు దిద్దుతారు, అంతే. ఈవిడ వదిన ఇంగ్లీషును, ఆవిడ టీచరు తెలుగును. సంగతి విని టీచరు డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుంది.

"అక్కా, మీరు నిజంగా మేనమామ కూతురు అని రాశారా?"

"కజిన్ అన్నాడు. ఏ తరఫు కజిన్ అని అడిగాను. ఏదో ఒకటి రాసెయ్ వదినా, పక్కన కస్టమరున్నాడు అన్నాడు. మగా ఆడా కూడా చెప్పలేదు. నేనే ఒక దారి చూసి రాశాను."

"ఉన్న కజిన్లందరిలో మేనమామ కూతురే ఎందుకూ?" అన్నాడు క్యాషియర్.

"ఆ పూట మీ మేనమామ కూతురు ఫోన్ చేసి గంట మాట్లాడింది కనుక."

కజిన్ తేలిపోయింది. గొడుగు, గాడిద, నిచ్చెన, ఉల్లిపాయ, అసూయ, కిటికీ, రేపు కూడా తేలిగ్గానే తిరిగి ఇంగ్లీషయ్యాయి. గాడిద దగ్గర కంచరగాడిద కావచ్చేమోనని టీచరు అనుమానపడింది. కంచరగాడిదైతే కంచర అని రాసి ఉండేదాన్నని వదిన అంది. సంచికి బ్యాగ్ ఉంది. విద్యుత్తుకు ఎలక్ట్రిక్ ఉంది, పవర్ ఉంది. నవ్వుకు లాఫ్, స్మైల్. క్షణానికి మొమెంట్, సెకండ్. అన్నీ ఆ జాబితాలోనివే.

"అంటే రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది," అన్నాడు క్యాషియర్. ఎప్పుడు పేపరు మడిచాడో, ఎప్పుడు వచ్చి తమ్ముడి భుజం మీదుగా తొంగిచూస్తున్నాడో ఎవరూ గమనించలేదు. "ఎనిమిది తాళంచెవులు. ఒక్కటి పట్టకపోతుందా?"

మరిది ఇప్పటి ఫోన్లో అదే సంచీ దించుకుని ఒక్కొక్కటే కొట్టాడు. మొదటిది పట్టలేదు. మాటలు సరికావంది ఫోన్. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోదానికి టీచరు కళ్ళు మూసుకుంది. ఐదోదానికి మరిది బొటనవేలు జారి గాడిద రెండుసార్లు పడింది. ఆరోది నొక్కగానే తెర పచ్చగా మెరిసి, సంచీ తెరుచుకుంది.

నలుగురూ తలలు దగ్గరికి పెట్టి చూశారు. తెర మధ్యలో ఒక పెద్ద సున్నా కూర్చుని ఉంది.

"పోయాయి," అంది టీచరు. "ఎవరో ఎత్తుకుపోయారు."

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను," అని మొదలుపెట్టాడు క్యాషియర్. కాని భార్య చూపు తగిలి అక్కడే ఆపేశాడు.

మరిది ఏదో నొక్కి, కిందికి జరిపి చూశాడు. మెల్లగా అతని మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "పోలేదు. ఇందులోకి ఎప్పుడూ ఏమీ రాలేదు కూడా. వదినా, ఇది మన ఇల్లు కాదు. మన తాళంచెవి పట్టిన పరాయి ఇల్లు. ఎవరూ కాపురముండని ఖాళీ ఇల్లు."

"అయితే మూసెయ్," అంది వదిన. "పరాయి ఇళ్ళల్లో మనకేం పని."

మిగిలిన రెండూ కూడా పట్టలేదు. పదకొండున్నరైంది. వదిన అందరికీ టీ పెట్టింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అదే ఆమెకు ఎక్కువగా గుచ్చుకుంది. ఈ ఇంట్లో ఒక వస్తువు ఆమె చేతిలో పడి దొరక్కుండాపోవడం ఇదే మొదలు. పోనీ పారేసిందా అంటే పారేయలేదు. మరీ జాగ్రత్తగా దాచింది. ఆ షాపు తెరిచిన రోజు మరిది బల్లకు ఎత్తు చాలక నాలుగు ఇటుకలు మోసుకొచ్చి పెట్టింది కూడా ఆమే.

"నవ్వు సంగతి ఒకటి తీసెయ్యండి," అంది గ్లాసులు అందిస్తూ. "స్మైల్ అని ఉంటే చిరునవ్వు అని రాసేదాన్ని. ఇది లాఫే. క్షణం కూడా సెకండే. సెకండ్ అంటే రెండోదా, గడియారంలోదా అని అడిగిన గుర్తుంది. దానికీ ఏదో ఒకటి రాసెయ్ అన్నాడు."

"అక్కా, ఎనిమిదేళ్ళ క్రితం మాట ఇంత గుర్తుపెట్టుకున్నవారు, అసలు మాటలే గుర్తుపెట్టుకోవచ్చుగా," అంది టీచరు.

"రాసుకున్నాక గుర్తెందుకు?"

ఫోన్ చార్జింగ్ నాలుగు శాతానికి దిగింది. మరిది చార్జరు పట్టుకుని గోడ వెంట తిరుగుతూ, "ఈ ప్లగ్గులో కరెంటుందా వదినా?" అన్నాడు.

"కరెంట్ అంటే అది కాదండీ," అంది టీచరు, టీ ఊదుకుంటూ, క్లాసులో అలవాటైన గొంతుతో. "కరెంట్ అంటే ప్రస్తుతం. ఇంట్లోకొచ్చేది ఎలక్ట్రిసిటీ. పిల్లలకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది."

వదిన ట్రే బల్ల మీద పెట్టింది. "ఏమన్నావూ?"

"ప్రస్తుతం."

"అది కాదు. మరిదీ, నువ్వు ఏమన్నావు?"

"కరెంటుందా అన్నాను."

"కరెంటు అంటే విద్యుత్తేగా," అంది వదిన. "నువ్వు ఫోన్లో కరెంటు అని ఉంటావు, నేను విద్యుత్తు అని రాసి ఉంటాను. అంతే కదా?"

ముగ్గురూ ఒకేసారి ఫోను మీద పడ్డారు. మరిది మూడక్షరాలు కొట్టేసరికి జాబితాలోంచి కరెంట్ తానే పైకొచ్చింది. టీచరు కుర్చీలోంచి లేచింది. క్యాషియర్ తన గ్లాసు అనుకుని తమ్ముడి గ్లాసులో టీ తాగేశాడు. పన్నెండు మాటలూ కొట్టి, నొక్కారు.

మాటలు సరికావంది ఫోన్.

కాని ఈసారి ఎవరూ డీలాపడలేదు. ఎక్కడ తవ్వాలో తెలిసిపోయింది మరి. వెతకాల్సింది డిక్షనరీలో ఉన్న ఇంగ్లీషు కాదు, తమ నోళ్ళలో ఉన్న ఇంగ్లీషు.

"పిల్లల తప్పులు రాసుకునే నోట్సు ఒకటుండాలిగా నీ దగ్గర?" అంది వదిన.

ఉంది. టీచరు బ్యాగులోనే ఉంది. మన ఇళ్ళల్లో ఒక అర్థంతో తిరిగి, పుస్తకంలో ఇంకో అర్థంతో కూర్చునే మాటలన్నీ ఎర్ర సిరాతో రాసుకున్న నోట్సు. "చదువుతాను, తగిలిన చోట ఆపండి," అని అందుకుంది. "హోటల్ అంటే బస చేసే చోటు, భోజనం చేసే చోటు కాదు. స్కేలు అంటే కొలత, గీతలు గీసే బద్ద కాదు. బోరు అంటే విసుగు, నీళ్ళ గొట్టం కాదు. కవర్ అంటే సంచి కాదు. మీటర్ అంటే..."

"ఆగాగు," అంది వదిన. ఆమె మొహంలో నిజమైన ఆశ్చర్యం. "కవర్ అంటే సంచి కాక మరింకేమిటి?"

టీచరు తను డిక్షనరీ తెచ్చిన ప్లాస్టిక్ కవరు వైపు చూసింది. అందరూ దానివైపే చూశారు.

"అక్కా," అంది టీచరు మెల్లగా. "కవర్ అంటే కప్పేది. మూత, అట్ట. ఏదైనా గాని సంచి మాత్రం కాదు."

"నలభై ఏళ్ళుగా కూరగాయలు కవర్లో తెస్తున్నాను కదే," అంది వదిన.

క్యాషియర్ నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. ఆ ఊపుకు టీచరు, టీచరును చూసి వదిన, ముగ్గురూ కడుపులు పట్టుకుని నవ్వుతుంటే, మరిది ఒక్కడు మాత్రం నవ్వకుండా, కింద కూర్చుని, గోడకున్న చార్జరు తీగ అందినంత దూరంలో మెడ వంచి మాటలు కొడుతూనే ఉన్నాడు. గొడుగు, కవర్, లాఫ్, గాడిద. కజిన్, కరెంట్, నిచ్చెన. వాళ్ళ నవ్వుల మధ్యే నొక్కాడు.

ఫోన్ ఎత్తి అన్న మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

క్యాషియర్ కళ్ళజోడు సవరించుకున్నాడు. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి కుడినుంచి ఎడమకు లెక్కపెట్టాడు. మళ్ళీ ఎడమనుంచి కుడికి లెక్కపెట్టాడు. మూడోసారి అలవాటుకొద్దీ బొటనవేలు నాలుకకు తడిచేసుకుని తెరను జరిపితే, అంకెలు కాస్తా జారిపోయి ధరల పట్టిక వచ్చింది.

"ముట్టుకోకు అన్నయ్యా," అన్నాడు మరిది ఏడుపు గొంతుతో.

అక్కడినుంచి మూడింటిదాకా ఆ ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. కాయిన్లు ఈ సంచీలోంచి వాటిని అమ్మిపెట్టే కంపెనీ ఖాతాలోకి వెళ్ళడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా ధర తగ్గుతోంది, పెరుగుతోంది, మళ్ళీ తగ్గుతోంది అని క్యాషియర్ క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెబుతూనే ఉన్నాడు. పొద్దున పేపరు చాటునుంచి వెక్కిరించింది ఈయనే అంటే ఎవరూ నమ్మరు. అమ్మడం ఒక నిమిషంలో అయిపోయింది. సొమ్ము మరిది బ్యాంకు ఖాతాకు చేరాల్సి ఉండగా, బ్యాంకు మేనేజరు నుంచే క్యాషియర్‌కు ఫోన్ వచ్చింది. మీ తమ్ముడి ఖాతాలోకి ఇంత మొత్తం వస్తోంది, ఎక్కడిదో కాగితం కావాలి, లేకపోతే సోమవారందాకా ఆపాలి, అన్నాడు.

"కాగితమా," అని క్యాషియర్ భార్య వైపు చూశాడు. వదిన అప్పటికే ఫైలు తెరిచింది. మరిది రెండో కాగితం, ఎనిమిదేళ్ళ నాటి షాపు బిల్లు కార్బన్ కాపీ. మూడు ల్యాప్‌టాప్‌ల మరమ్మత్తు, గిరాకీ సంతకం, చెల్లింపు అన్నచోట మరిది కోడిగీతల్లో 'చిల్లర ముట్టింది'. దాన్నీ, ఆనాటి కాయిన్ల జమ చూపే తెరనూ ఫోటో తీసి పంపారు. పది నిమిషాల్లో మేనేజరు మళ్ళీ చేశాడు. సరిపోయిందండీ, ఆ చిల్లర అన్న మాట మాత్రం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాల్సి వచ్చింది, అన్నాడు. "వదినగారికి నా నమస్కారాలు చెప్పండి."

మూడూ నలభైకి నలుగురూ షాపులో ఉన్నారు. నాలుగోవాడు వీధిలో నిలబడాల్సిన చోట ఐదో మనిషిగా యజమాని కూడా వచ్చాడు. అందుకని క్యాషియర్ ఒక కాలు లోపలా ఒక కాలు గుమ్మం బయటా పెట్టుకున్నాడు. యజమాని పొడుగాటి పెద్దమనిషి. చేతిలో అమ్మకపు కాగితాలు.

"ఏదీ సొమ్ము?" అన్నాడు.

మరిది ఫోన్లో నొక్కాడు. యజమాని జేబులో ఫోన్ టింగుమంది. ఆయన తీసి, దూరంగా పెట్టుకుని చదివాడు. దగ్గరగా పెట్టుకుని చదివాడు. జేబు తడుముకున్నాడు. నమ్మకం కుదిరినట్టు లేదు.

"క్యాషియర్ గారూ, మీరు బ్యాంకువారు. మీరు చెప్పండి. ఇది వచ్చినట్టేనా?"

ఈ ఒక్క ప్రశ్న ఆయన్ను కాక ఇంకెవర్నయినా అడిగి ఉంటే బాగుండుననిపించింది వదినకు. వీధి చివర మందుల షాపాయన చంకలో సంచీతో వస్తూ కనబడుతున్నాడు.

క్యాషియర్ ఆ ఫోన్ తీసుకుని, కౌంటరు వెనక కూర్చున్న రోజుల్లోలాగా ఒకసారి తేదీ చూశాడు, పేరు చూశాడు, మొత్తం చూశాడు.

"వచ్చింది," అన్నాడు. "చేతికి తగలదు, చెవిలో టింగుమని చెప్పి ఊరుకుంటుంది. అయినా వచ్చింది. సంతకం పెట్టండి."

యజమాని మరిది బల్ల మీదే కాగితాలు పరిచి సంతకాలు పెట్టాడు. నాలుగింటికి మందుల షాపాయన గుమ్మం ముందు ఆగి, లోపల ఇంతమంది ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటుంటే చూసి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగి, సంగతి విని, చెక్కు తిరిగి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

యజమాని తాళాలు బల్ల మీద పెట్టాడు. మెట్టు దిగబోతూ వెనక్కి తిరిగాడు.

"చూడు బాబూ. తొమ్మిదేళ్ళుగా పైకప్పు కారుతోంది, పైకప్పు కారుతోంది అని వారానికోసారి ఫోన్ చేసి నా ప్రాణం తీశావు. ఇకమీదట ఆ ఫోన్ నీకు నువ్వే చేసుకో."

ఆయన వెళ్ళాక నలుగురూ మెడలెత్తి పైకి చూశారు. బల్లకు సరిగ్గా పైన, గోధుమరంగు అంచుతో, విస్తరాకంత వెడల్పున మరకుంది. మధ్యలో పెచ్చు లేచి ఉంది.

"సున్నం వేస్తే ఆగేది కాదు ఇది," అంది వదిన, తల ఒక పక్కకు వంచి. "పైన పగులుంది. సిమెంటు పని."

"నీళ్ళు ఎక్కడో కాదు, సరిగ్గా కస్టమర్ నెత్తిమీదే పడతాయి," అంది టీచరు.

మరిది మాత్రం దానివైపే చూస్తూ నిలబడిపోయాడు. ఎక్కడో దూరాన ఉన్నదాన్ని చూసినట్టు కళ్ళు చిట్లించాడు, మెల్లగా అతని మొహమంతా విప్పారింది.

"ఎంత బాగుందో చూడు వదినా," అన్నాడు.